పెట్టని కోటా, పెట్టిన కోటా?

అరసున్న: ఒక వాక్యం రెండు రోజులుగా నోట్లో నానుతోంది. మన మహిళల ఫుట్‌బాల్ డిఫెండర్ ఆశాలతా దేవి గురించి ఎక్కడో చదివాను. 2024 అక్టోబర్‌లో కాఠ్మాండూలో నూరో అంతర్జాతీయ మ్యాచ్ ఆడినప్పటి మాట. "జట్టుకు ఆమె పెట్ట... కోట" అని. గుడి ట్ట మీదా, న మీదా?

గోదారి గట్టు: న మీదే. పెట్టని కోట. ఇందులో అనుమానమేముందండీ?

శకటరేఫ: ఉంది. గండికోటకు పెన్న లోయ పెట్టని కోట. ఎవరూ తవ్వలేదు, కట్టలేదు. ఇంఫాల్ మైదానాల్లో చిన్నప్పట్నుంచి చెమటోడ్చి తయారైన మనిషిని పెట్టని కోట అంటే ఆ కష్టమంతా ఏమైనట్టు? పెట్టిన కోటే సరి.

గోదారి గట్టు: మాస్టారూ, కష్టం ఆవిడది. జట్టుకు మాత్రం అయాచితంగా దొరికిందిగా! అయినా కోట కడతారు గానీ పెడతారా?

శకటరేఫ: కొలువు పెట్టలేదా, కాపురం పెట్టలేదా? నియోజకవర్గాలన్నిటికీ ఈ మాట అంటగట్టి పత్రికలవాళ్లు ఎలాగూ అరగదీశారు. మనమైనా కాస్త చూసి వాడదాం.

సున్నా గోల్స్: కోట అంటున్నారు, ఆ నూరో మ్యాచ్‌లో పాకిస్తాన్ రెండు గోల్స్ కొట్టింది మరి. మనం 5-2తో గెలిచాం, అది వేరే సంగతి. అందరూ మన ఫార్వర్డ్ బాలాదేవి యాభయ్యో గోల్ గురించే మాట్లాడారు. నూరు మ్యాచ్‌లాడిన తొలి భారతీయ మహిళ ఆశాలత అన్నది రెండో వార్తయిపోయింది. డిఫెండర్ బతుకింతే.

గోదారి గట్టు: 2022 జనవరి 20 మర్చిపోయారా? ఆసియా కప్‌లో ఆవిడే కెప్టెన్, ఇరాన్‌తో 0-0. మూడు రోజులకు చైనీస్ తైపీతో మ్యాచ్ అనగా కోవిడ్ వచ్చి, జట్టును దింపడానికి కావలసిన పదమూడు మంది కూడా మిగల్లేదు, టోర్నీయే పోయింది. కోట నిలిచింది, సైన్యమే లేదు.

తిక్కన భక్తుడు: కోట గొడవెందుకు? డిఫెండర్‌కి మనకు సిద్ధంగా ఒక పేరుంది: సైంధవుడు. వ్యూహద్వారం దగ్గర నలుగురు పాండవుల్ని ఒక్కడే ఆపాడు. తిక్కనగారి ద్రోణపర్వంలో ఆ ఘట్టం చదువుతుంటే అభిమన్యుడి మీద జాలి ఒకపక్క, వీడి నిబ్బరానికి ఆశ్చర్యం ఒకపక్క. సంభాషణ నడపడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

శకటరేఫ: అది శివుడి వరమండీ, వీడి ఆట కాదు. పైగా అర్జునుడు లేడు కాబట్టి సరిపోయింది. "సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అని ఊళ్లో తిట్టే మాటను పట్టుకెళ్లి ఆవిడకు బిరుదిస్తారా?

తిక్కన భక్తుడు: తిట్టు ఎదుటి జట్టు నోట్లోంచి వస్తే డిఫెండర్‌కి అది పొగడ్తే. స్త్రీలింగం సైంధవి.

గోదారి గట్టు: సైంధవి రాగం.

తిక్కన భక్తుడు: రాగమైతే మాత్రం మనిషికి పెట్టకూడదా? కల్యాణి, తోడి లేరూ?

సున్నా గోల్స్: తోడి అని ఎవరికి పెట్టారు సార్?

అరసున్న: అయ్యా, నేనడిగింది గుడి గురించి.

నిజామాబాద్ చెల్లెలు: మా సౌమ్య గుగులోత్ గోకులం కేరళ క్లబ్‌లోనూ ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లోనూ ఆశాలతక్కతో ఆడింది. వింగర్‌కి కూడా ఏదైనా మాట చెప్పండన్నా.

శకటరేఫ: దానికి వేరే చర్చ పెట్టమ్మా. ఇక్కడ పెట్టడం సంగతే తేలలేదు.

గోదారి గట్టు: తేలింది. న మీద.