సమస్య: ‘నీళ్లు మోసినంత నెగ్గె నాట’ (ఆటవెలది)

పృచ్ఛకుడు: ఈ వారం కాస్త దూరం వెళ్దాం. 1899లో అమెరికాలోని టెన్నెస్సీ కొండల మీది సెవానీ అనే చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు 12 ఆటలాడి పన్నెండూ గెలిచింది. చేసిన పాయింట్లు 322, ఇచ్చినవి 10. ఆ పదీ ఒక్క ఆబర్న్ జట్టుకే, అదీ 11–10తో చచ్చీచెడీ గెలిచిన ఆటలో. నవంబరులో రైలెక్కి దాదాపు 2,500 మైళ్లు తిరుగుతూ ఆరు రోజుల్లో ఐదు జట్లను సున్నా దగ్గరే ఆపారు. పరాయి నీళ్లు పడవేమోనని ఊరి ఊటనీరు రెండు పీపాలు వెంట తీసుకెళ్లారు. ఇక కానివ్వండి.

పాలపిట్ట:
కొండ యూట నీరు కూర్చి పీపాలలో
రైలు నెక్కి తిరిగి రైదు చోట్ల
పరుల నీరు తాగ భయమొందు నా జట్టు
నీళ్లు మోసినంత నెగ్గె నాట

చెరువుగట్టు: ‘నా జట్టు’ అని చదివి, మీరెప్పుడు టెన్నెస్సీ వెళ్లారా అనుకున్నాను!

పృచ్ఛకుడు: అది ‘భయమొందు + ఆ’. నుగాగమం (సంధిలో మధ్యన ‘న’కారం రావడం) సరైనదే, కానీ విడదీసి రాస్తే ఇదే తంటా. కలిపి రాయండి. ‘పీపా’ పోర్చుగీసు మాటైనా ఇక్కడ బాగా అతికింది.

చెరువుగట్టు: సరే, నాదీ చూడండి.
బూట్లు మరచినారు బోగీ కదలె నంత
వెనుక రైలు వచ్చి వేళకందె
మరువలేదు గాని మంచి నీటిని వారు
నీళ్లు మోసినంత నెగ్గె నాట

పృచ్ఛకుడు: బూట్ల సంచి ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయిన ముచ్చట మీకెలా దొరికిందో! యతులు కుదిరాయి. ‘నీటిని’ అన్న వెంటనే ‘నీళ్లు’ పునరుక్తి. పైగా రెండో పాదంలో అందింది రైలా, బూట్లా? బూట్లేనని కథ తెలిసినవాడికే తెలుస్తుంది.

కొత్తవాడు: కాలితో తన్నే ఆటేనా ఇది?

చెరువుగట్టు: కాదండీ. బంతి చంకన పెట్టుకుని గుంపులోంచి దూసుకెళ్లడమే. ముందుకు విసరడానికి కూడా అప్పట్లో వీల్లేదు, 1906లో గానీ ఒప్పుకోలేదు. బంతిని అవతలి జట్టు గీత దాటిస్తే, అంటే టచ్‌డౌన్‌కి, అప్పట్లో ఐదే పాయింట్లు.

తాటిముంజె:
ఆరు నాళ్ల లోన నైదాటలం గెల్చి
ఏడవదగు నాడె యింట నిదుర
వారి గెలుపు వెనుక వారి యున్నది సుమ్మి
నీళ్లు మోసినంత నెగ్గె నాట

పాలపిట్ట: అబ్బ! మొదటి ‘వారి’ మనుషులు, రెండో ‘వారి’ నీళ్లు. ఈ పాదం నాకు రాలేదే అని కుళ్లుగా ఉంది. కానీ ‘ఏడవదగు నాడు’ అంటే ఏడ్వాల్సిన రోజా?

పృచ్ఛకుడు: ఏడుపు సంగతి అలా ఉంచండి, లెక్క తప్పింది. ఏడో రోజు విశ్రాంతి అన్నది చెప్పుకోడానికి బాగుంటుంది, అంతే. 9న ఆస్టిన్, 10న హ్యూస్టన్, 11న న్యూ ఆర్లీన్స్. 12 ఆదివారం, ఆట లేదు. మళ్లీ 13న బాటన్ రూజ్, 14న మెంఫిస్. అంటే విశ్రాంతి నాలుగో రోజే. రెండో పాదం ఇలా మార్చి, పైన ‘గెల్చి’ని ‘గెల్వ’ చేయండి:
ఆదివార మొకటె యాట లేదు

తాటిముంజె: మార్చేశాను గురువుగారూ. ఏడుపు తీసేశాను.