త్సుకి గ కిరేయ్: చివరి క్రెడిట్స్‌లో పెళ్లి దాకా చూపించాల్సిందా?

ఒటాకు_పిడుగురాళ్ల:

స్పాయిలర్లు తప్పవు. చూడనివాళ్లు 12 ఎపిసోడ్లూ చూసొచ్చాకే లోపలికి రండి, అన్నీ కలిపినా అయిదు గంటలు దాటదు.

చూసి మర్చిపోయినవాళ్లకి రెండు ముక్కలు. ఇది 2017 ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్. స్టూడియో ఫీల్, దర్శకుడు సెయ్‌జి కిషి, రచన యూకో కకిహారా. వెనక మాంగా (జపాన్ కామిక్) గానీ నవల గానీ లేదు, నేరుగా అనిమేగానే రాసుకున్న కథ. టోక్యోకి వాయవ్యంగా, సైతామాలో ఉన్న కవాగోఎ ఊరు. జూనియర్ హైస్కూల్ ఆఖరి ఏడాది, అంటే మన తొమ్మిదో తరగతి వయసు. కొతారోకి రచయిత కావాలని ఉంది, అకనె 100 మీటర్లు పరుగెత్తుతుంది. ఇద్దరికీ ఎదురుపడితే నోరు పెగలదు.

ఒకళ్లకొకళ్లు మెసేజ్ పెట్టుకోవడానికే ఒక ఎపిసోడ్ పట్టిన కథ ఇది. చివర్లో ఒక్క పాట నిడివిలో దూరపు ప్రేమ, ఉద్యోగం, పెళ్లి, బిడ్డ వరసగా వచ్చేస్తాయి. పదిహేనేళ్లకి మొదలైన ప్రేమ పెళ్లి పీటల దాకా వెళ్లడం ఎంత అరుదో ఎవరికి తెలీదు? అకనె ఎక్కిన రైలు కదిలిన చోట ఆపేసి ఉంటే నిజాయితీగా ఉండేది. ఇది వాస్తవికత పేరు పెట్టుకుని ఇచ్చిన లడ్డూ అంటాను.

రెండో_కప్పు_టీ:

కథ ఒక్కసారిగా దూకింది ఎక్కడండీ? మీరు ప్రతివారం ఎండింగ్ స్కిప్ కొట్టేసినట్టున్నారు. మొదట్నుంచీ ఎండింగ్ పాట వెనక లైన్ (జపాన్‌లో వాడే చాట్ యాప్) మెసేజులు నడుస్తూనే ఉన్నాయి. కోపాలు, అలకలు, ఎప్పుడొస్తున్నావ్ అనే మాటలు. స్కూలు కథలో ఎక్కడా కనపడని మెసేజులు. అవి ఎవరివో 12వ ఎపిసోడ్‌లో తేలుతుంది, వీళ్లిద్దరివే, తర్వాతి ఏళ్లవి. అంటే పెళ్లి ముచ్చట ఆఖర్న తగిలించిన తోక కాదు. మూడు నెలలుగా కళ్లముందే ఉంది, మనమే చదవలేదు.

ఇంకోటి. ఎపిసోడ్ల పేర్లన్నీ జపాన్ సాహిత్యంలోంచి తీసుకున్నవే. ఆఖరిదాని పేరు సొరెకర, అంటే "ఆ తర్వాత". నత్సుమె సోసెకి నవల పేరది. ఆ తర్వాత ఏమైందో చెబుతామని పేరులోనే పెట్టుకున్నాక, చెప్పారని తప్పుపడితే ఎలా?

ఒటాకు_పిడుగురాళ్ల:

@రెండో_కప్పు_టీ ముందే ప్లాన్ చేశారంటే నేను కాదనను. ప్లాన్ చేసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు కదా. నా గొడవ నమ్మకం గురించి.

కోఎడో_మెట్రో:

నమ్మకం సంగతికొస్తే ఈ సిరీస్‌లో అడ్డంకులు ఎలా పుడతాయో చూడండి. విలన్ లేడు, మతిమరుపు జబ్బు లేదు, యాక్సిడెంట్ లేదు. అన్నీ చిన్న పనుల వల్లే.

క్యోటో స్కూల్ ట్రిప్ తీసుకోండి. ముందు ఎపిసోడ్ చివర చంద్రుణ్ణి చూస్తూ కొతారో జంటగా ఉందామా అని నోరు జారినట్టుగా అడిగేశాడు. అకనె ఆలోచించుకోడానికి టైమ్ అడిగింది. క్యోటోలో కలుద్దామనుకుంటే కొతారో ఫోన్ టీచర్ చేతికి పోతుంది. లైన్‌లో అవతలివాళ్లు మెసేజ్ తెరిస్తేనే పక్కన "కిదొకు" అని, అంటే చదివారని, పడుతుంది. మన వాట్సాప్ నీలం టిక్కుల్లాగన్నమాట. కానీ లాస్ట్ సీన్ లాంటిది లైన్‌లో లేదు. ఫోన్ టీచర్ దగ్గరుందా, కావాలనే తెరవట్లేదా అన్నది ఇవతలివాళ్లకి తెలిసే దారే లేదు. చివరికి కొతారో అకనె స్నేహితురాలు చినాత్సు ఫోన్ అడుక్కోవాల్సొచ్చింది. ఆ చినాత్సుకీ ఇతనంటేనే మనసు. ఒక్క ఫోన్ పోతే మూడు మనసుల మీద పడింది.

అలాగే పరీక్ష. జపాన్‌లో చదువు నిర్బంధం జూనియర్ హైస్కూల్ దాకే, పై స్కూలుకి ఎంట్రన్స్ రాసుకోవాలి. అకనె కుటుంబం చిబాకి మారిపోతోందని కొతారో అక్కడి స్కూలుకి రాశాడు, తప్పాడు. అదే పరీక్ష రాసిన చినాత్సు పాసైంది! మామూలు ప్రేమకథలో అయితే హీరో పాసైపోయేవాడు. ఇంత కఠినంగా లెక్క కట్టిన రచయితలు చివర్లో ఒక్క మంచి జరిగిందని చెబితే అది లడ్డూ ఎలా అవుతుంది? వాళ్లు దాని ఖరీదు ముందే కట్టేశారు.

వత్తులు_పొల్లులు:

సబ్‌టైటిల్స్ వైపు నుంచి ఒక మాట. ఈ క్రెడిట్స్ బరువుగా అనిపించడానికి సగం కారణం అనువాదమే అని నా అభిప్రాయం.

జపనీస్‌లో మూడు మెట్లున్నాయి. సుకి అంటే ఇష్టం. దైసుకి అంటే చాలా ఇష్టం. ఐషితేరు అంటే ప్రేమిస్తున్నాను, అది పెద్దవాళ్లు కూడా రోజూ వాడే మాట కాదు. కొతారో మొదట అడిగినప్పుడు వాడింది ఈ మూడూ కాదు, "త్సుకియత్తె", అంటే నాతో ఉంటావా, జంటగా తిరుగుదామా అన్నట్టు. వెళ్లిపోతున్న రైలు వైపు అరిచింది దైసుకి. ఇంగ్లీషు సబ్స్‌లో అది ఐ లవ్ యూ అయితే ఆ అరుపే పెళ్లి ప్రమాణంలా వినిపిస్తుంది. ఆ వెంటనే పెళ్లి ఫొటో పడితే అతికించినట్టే ఉంటుంది మరి.

తెలుగులో మనకి ఆ ఇబ్బంది లేదు. "నువ్వంటే చాలా ఇష్టం" అని వేస్తే అచ్చం దైసుకి. పిల్లవాడి అరుపు పిల్లవాడి అరుపుగానే ఉంటుంది, పెళ్లి ఏళ్ల తర్వాత వాళ్లు చేరుకున్న చోటుగా కనపడుతుంది. పిలుపుల దగ్గర మాత్రం చిక్కే. మొదట్లో వీళ్లు ఇంటిపేర్లతో పిలుచుకుంటారు, అజుమి-కున్, మిజునొ-సాన్. తర్వాత పేర్లతో. మన పిల్లలు ఇంటిపేరుతో పిలుచుకోరు కాబట్టి ఆ మార్పు జారిపోతుంది. మీరు నుంచి నువ్వుకి మారుద్దామంటే ఒకే క్లాసు పిల్లలు మీరు అనుకోవడం ఎబ్బెట్టు. కాబట్టి పిలుపుల్ని అలాగే ఉంచి, మారినచోట ఎదుటివాళ్ల మొహం చూడనివ్వడమే మేలు, ఆ చోట సబ్‌టైటిల్ పొడుగు చేయకుండా.

చాట్ తెరలకి కూడా అదే. బుడగ ఉన్నది రెండు మూడు సెకన్లు. ఆ టైమ్‌లో కింద డైలాగూ పైన చాటూ రెండూ వేస్తే ఏదీ చదవలేం. ఎండింగ్‌లో పాట సాహిత్యం ఒకవైపు, మెసేజులు ఒకవైపు. చాలా సబ్స్‌లో మెసేజులనే వదిలేస్తారు. @ఒటాకు_పిడుగురాళ్ల మీకు దూకినట్టు అనిపించింది అందుకేనేమో.

నెమ్మది_నాగన్న:

టైటిల్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటా. త్సుకి గ కిరేయ్ అంటే చంద్రుడు అందంగా ఉన్నాడు అని. ఐ లవ్ యూని "చంద్రుడు అందంగా ఉన్నాడు కదా" అని అనువదించమని సోసెకి చెప్పాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. ఆయన రాసినవాటిలో మాత్రం అది దొరకదు, తర్వాతెప్పుడో పుట్టిన కథే. ఇక్కడ అందరూ దాన్ని చరిత్రలా వాడేస్తుంటారు.

అసలు విషయానికి: ఒటాకు గారితో సగం ఏకీభవిస్తా. ఈ సిరీస్ గొప్పతనం చూపించకపోవడంలో ఉంది. ఒక్కడే ఉన్న గదిలో కొతారో సంతోషం పట్టలేక లైటు తాడుని బాక్సింగ్ బ్యాగులా గుద్దుతాడు, ఒక్క మాట ఉండదు. అకనె కంగారు పడితే చిలగడదుంప బొమ్మని నలుపుతుంది (కవాగోఎ ఆ దుంపలకి పేరున్న ఊరు). మొదటి ఎపిసోడ్‌లో ఫ్యామిలీ రెస్టారెంట్‌లో రెండు కుటుంబాలూ తారసపడితే పెద్దవాళ్లు మర్యాదలు చేసుకుంటారు, వీళ్లిద్దరికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఇంత పొదుపుగా చెప్పేవాళ్లు బిడ్డ ఫొటో దాకా ఎందుకు? మెసేజులు చాలు. ఫొటోలు ఎక్కువ.

వెనక నడిచే కంప్యూటర్ గ్రాఫిక్స్ జనం గురించి మాట్లాడను, అది వేరే థ్రెడ్ పట్టే పాపం.

రెండో_కప్పు_టీ:

@నెమ్మది_నాగన్న ఫొటోలు తీసేస్తే ఎండింగ్ మెసేజులు వీళ్లవేనని ఎలా తెలుస్తుంది? పేర్లు పెట్టి రాసుకోరుగా. ఫొటోలే తాళంచెవి.

కోఎడో_మెట్రో:

అదే. పైగా మాంగా లేని కథ. వేరేవాటిలో అయితే మిగతాది పుస్తకంలో చదువుకోండని తప్పించుకుంటారు. ఇక్కడ 12 ఎపిసోడ్లే లోకం.

ఒటాకు_పిడుగురాళ్ల:

ఎండింగులన్నీ మళ్లీ వేసి చూశా, పాజ్ చేసుకుంటూ. మెసేజుల సంగతి ఒప్పుకుంటున్నా, అవి నేను గమనించలేదు. కొన్నిట్లో ఇద్దరూ గట్టిగానే కొట్టుకున్నారు, అది నాకు నచ్చింది కూడా.

బిడ్డ ఫొటో మీద మాత్రం నా మాట మారదు. పెళ్లి ఫొటో తాళంచెవి అయితే, తలుపు తెరుచుకున్నాక ఆ చివరి ఫొటోతో పనేంటి? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి, "క్యూట్‌గా ఉంది" అని కాకుండా.

వత్తులు_పొల్లులు:

క్యూట్‌గానే ఉంది అండీ.