ఇళ్లు శుభ్రం చేసే పనికి వాడే కారు ఖర్చును బ్రిటన్‌లో మనమే నింపి పంపే పన్ను రిటర్నులో (సెల్ఫ్ అసెస్‌మెంట్) ఎలా చూపాలి?

ప్రశ్న (లెస్టర్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి వచ్చి లెస్టర్‌లో ఉంటున్నాం. మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నారు. నేను డిపెండెంటును కాబట్టి సొంతంగా పని చేసుకోవడానికి అనుమతి ఉంది. 2024 ఏప్రిల్‌లో సోల్ ట్రేడర్‌గా (కంపెనీ లేకుండా సొంతంగా) పని మొదలుపెట్టి, ఇళ్లు శుభ్రం చేస్తున్నాను. మా ఇల్లు ఎవింగ్టన్‌లో. పొద్దున్నే పిల్లలను బడిలో దింపి ఓడ్బీ, విగ్‌స్టన్‌లలో రెండు మూడు ఇళ్లు చూసుకుంటాను, మంగళవారాలు లఫ్‌బరో వెళ్తాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఊరి మధ్యలో ఉన్న ఒక ఆఫీసును శుభ్రం చేస్తాను. వ్యాక్యూమ్ క్లీనరు, మాపులు, బకెట్లు, శుభ్రం చేసే ద్రవాలు అన్నీ కారు డిక్కీలోనే ఉంటాయి కనుక బస్సులో వెళ్లే వీలు లేదు.

కారు నా పేరు మీదే ఉంది, 5,000 పౌండ్లకు పాతది కొన్నాను. ఏడాదికి సుమారు 10,000 మైళ్లు తిరుగుతుంది, అందులో 6,000 పని కోసమే అని నా అంచనా. 2024-25 రిటర్నులో తెలియక కారు గురించి ఏమీ రాయలేదు. ఇప్పుడు 2025-26 రిటర్ను సిద్ధం చేస్తున్నాను. పెట్రోలు బిల్లులన్నీ పెట్టేయమని ఒకరు, ఇంటి నుంచి పనికి వెళ్లే దారి అసలు లెక్కలోకి రాదని మరొకరు చెబుతున్నారు. ఖర్చులు పోగా నా లాభం దాదాపు 19,000 పౌండ్లు. తప్పు లెక్క చూపి రేపు హెచ్ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) నుంచి ఉత్తరం అందుకోవడం నాకు ఇష్టం లేదు, అలాగని కష్టపడి సంపాదించిన డబ్బు ఊరికే వదులుకోవడమూ ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (హారో నుంచి, పదేళ్లుగా స్వయం ఉపాధి)

అమ్మా, మీకు రెండు దారులున్నాయి. మొదటిది మైలుకు ఇంత అని లెక్క కట్టడం: పన్ను సంవత్సరంలో మొదటి 10,000 వ్యాపార మైళ్లకు మైలుకు 45 పెన్సులు, ఆపైన 25 పెన్సులు. పెట్రోలు, బీమా, సర్వీసింగు, ఎంఓటీ (కారుకు ఏటా చేయించే తనిఖీ), టైర్లు, కారు తరుగుదల అన్నీ ఆ రేటులోనే కలిసి ఉంటాయి కాబట్టి వాటిని మళ్లీ విడిగా చూపకూడదు. క్లయింటు ఇంటి దగ్గర కట్టిన పార్కింగు రుసుము మాత్రం విడిగా రాసుకోవచ్చు, జరిమానా కట్టి ఉంటే దాన్ని ఎక్కడా రాయకూడదు. రెండో దారి ఏడాది మొత్తం కారు మీద పెట్టిన అసలు ఖర్చును కూడి, అందులో వ్యాపార మైళ్ల వాటాను తీసుకోవడం.

మీ కారుకు పెట్రోలు 1,500, బీమా 900, మిగతావన్నీ కలిపి 600, మొత్తం 3,000 పౌండ్లు అయ్యాయని అనుకుందాం. అందులో 60 శాతం 1,800. కారు కొన్న ధర మీద తరుగుదల బదులు క్యాపిటల్ అలవెన్సు ఇస్తారు. మామూలు పెట్రోలు కారుకు అది ఏడాదికి 6 శాతం, అంటే 300, అందులో మీ వాటా 180. మొత్తం 1,980 పౌండ్లు. మైళ్ల పద్ధతిలో 6,000 మైళ్లకు 2,700 పౌండ్లు వస్తాయి, రశీదుల సంచి దాచుకునే పనీ ఉండదు. పాత చిన్న కారుకు చాలామట్టుకు మైళ్ల పద్ధతే మేలు.

చాలామంది పొరబడే మాట ఒకటి ఉంది. ఆ 2,700 మీ చేతికి తిరిగి రాదు, మీ లాభంలోంచి తగ్గుతుంది. మీ లాభం స్థాయిలో 20 శాతం ఆదాయపు పన్ను, 6 శాతం క్లాస్ 4 నేషనల్ ఇన్సూరెన్స్ (స్వయం ఉపాధి లాభం మీద కట్టేది) కలిపి 26 శాతం కనుక, నిజంగా మిగిలేది 702 పౌండ్లు.

మీ వ్యాపార చిరునామా ఇల్లే కాబట్టి గుమ్మం దాటిన దగ్గర నుంచి ప్రతి మైలూ లెక్కే అని నా అభిప్రాయం.

జవాబు 2 (లెస్టర్ నుంచి, అకౌంట్ల ఆఫీసులో ఉద్యోగం)

లెక్కలు బాగా చెప్పారు, కానీ చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. ఇబ్బంది వచ్చేది సరిగ్గా అక్కడే.

ఇల్లు చిరునామా అయినంత మాత్రాన ప్రయాణం వ్యాపారం కోసమే అయిపోదు. 1971లో హోర్టన్ వర్సెస్ యంగ్ కేసులో ఒక తాపీమేస్త్రీ తన ఇంటి నుంచి వేర్వేరు నిర్మాణ స్థలాలకు వెళ్లిన ఖర్చును కోర్టు అనుమతించింది. అతనికి స్థిరమైన పనిచోటు లేకపోవడం, కొన్ని వారాలకు ఒకసారి స్థలం మారుతుండడం, పనికి కేంద్రం ఇల్లే కావడం అందుకు కారణాలు. 2014లో సమదియన్ కేసులో మాత్రం ఒక వైద్యుడు ఇంట్లో నిజంగానే ఆఫీసు పెట్టుకుని పని చేస్తున్నా, అలవాటుగా వెళ్లే ఆసుపత్రులకు ఇంటి నుంచి చేసిన ప్రయాణాన్ని అప్పర్ ట్రిబ్యునల్ (పన్ను అప్పీళ్లు వినే పై న్యాయస్థానం) ఒప్పుకోలేదు. ఎక్కడ నివసించాలన్నది ఆయన సొంత నిర్ణయం కనుక ఆ ప్రయాణంలో సొంత ప్రయోజనం కూడా కలిసి ఉందని తేల్చింది. డిక్కీలో సామాను ఉందన్న ఒక్క కారణం మీద కూడా ప్రయాణం స్వభావం మారదు.

ఇప్పుడు మీ రోజును విడివిడిగా చూద్దాం. ఓడ్బీలో ఒక ఇంటి నుంచి విగ్‌స్టన్‌లో మరో ఇంటికి వెళ్లే దారి నిస్సందేహంగా వ్యాపారమే. సామాను కొనడానికే ప్రత్యేకంగా వెళ్లినా అంతే. ప్రతి సాయంత్రం అదే ఆఫీసుకు ఇంటి నుంచి వెళ్లి రావడం సమదియన్ కేసు వైపు మొగ్గుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. పిల్లలను బడిలో దింపే మైళ్లు సొంతానివే. ఇక పొద్దున ఇంటి నుంచి మొదటి ఇంటికి వెళ్లే దారి గురించి చెప్పాలంటే, మీ క్లయింట్లు తరచూ మారుతూ, వేర్వేరు చోట్ల ఉంటూ, పనికి కేంద్రం నిజంగా ఇల్లే అయితే తాపీమేస్త్రీ వాదన మీకు పనికివస్తుంది. ఏళ్ల తరబడి అవే రెండు ఇళ్లు, అవే రోజులు అయితే ఆ వాదన బలహీనపడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బుకింగులు, లెక్కలు, మాపు గుడ్డలు ఉతకడం అన్నీ ఇంట్లోనే చేస్తాను. క్లయింట్లు ఏడాదిలో పదిహేను మంది దాకా ఉంటారు, మూడు నాలుగు నెలలకు కొందరు మానేసి కొత్తవారు వస్తుంటారు. లఫ్‌బరోలో కూడా ఇప్పటికి మూడు ఇళ్లు మారాయి. గురువారాలు మాత్రం విగ్‌స్టన్‌లో చివరి ఇంటి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్తాను. మైళ్ల పుస్తకం రాయలేదు, కానీ ఫోను క్యాలెండరులో ప్రతి బుకింగూ ఉంది.

జవాబు 2 (మళ్లీ)

మీరు చెప్పిన ఈ వివరాలతో పొద్దున ప్రయాణాలు చూపవచ్చునని నా అభిప్రాయం. గురువారం చివరి ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే దారి రెండు పనిచోట్ల మధ్య ప్రయాణం కనుక అదీ లెక్కే, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేది కాదు. ఆఫీసు ప్రయాణం రానూ పోనూ 5 మైళ్లు, వారానికి అయిదు రోజులు, 46 వారాలు అనుకుంటే 1,150 మైళ్లు తగ్గి 4,850 మిగులుతాయి. వాటికి 2,182.50 పౌండ్లు. గురువారపు మైళ్లు మాత్రం దీనికి కలుపుకోండి.

క్యాలెండరులో ఉన్న తేదీలు, పోస్టుకోడ్‌లు ఆధారంగా మ్యాపులో దూరాలు చూసి ఒక్కో రోజుకు తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు అని పట్టిక తయారు చేయండి. ఎంఓటీ కాగితం మీద ఓడోమీటర్ రీడింగు ఉంటుంది కనుక ఏడాది మొత్తం మైళ్లతో మీ పట్టిక పొసుగుతుందో లేదో సరిచూసుకోవచ్చు. అడిగితే చూపించేది ఈ పట్టికనే. 6,000 లాంటి గుండ్రటి అంకె ఒక్కటే రాసి ఊరుకుంటే నిలవదు. రేపటి నుంచి మాత్రం ఏ రోజుది ఆ రోజే రాయండి. రిటర్ను గడువైన జనవరి 31 దాటాక మరో అయిదేళ్లు ఈ రికార్డులన్నీ దాచాలి.

ఒక కారుకు మైళ్ల పద్ధతి మొదలుపెడితే ఆ కారును వ్యాపారానికి వాడినంత కాలం అదే కొనసాగించాలి. అంతకుముందే దాని మీద క్యాపిటల్ అలవెన్సు తీసుకుని ఉంటే ఈ పద్ధతికి రాలేరు. మీరు కారు గురించి ఏమీ రాయలేదు కాబట్టి ఆ అడ్డంకి లేదు. 2024-25 రిటర్నును 2027 జనవరి 31 వరకు ఆన్‌లైన్‌లో సవరించుకోవచ్చు. అయితే అందులో 1,000 పౌండ్ల ట్రేడింగ్ అలవెన్సు (అసలు ఖర్చుల బదులు ఆదాయంలోంచి నేరుగా తగ్గించుకునే మొత్తం) తీసుకున్నారేమో ముందు చూడండి. తీసుకుని ఉంటే దాన్ని వదులుకుంటేనే ఖర్చులు చూపగలరు.

జవాబు 3 (కోవెంట్రీ నుంచి, క్లీనింగు పనిలో ఉన్నవారు)

పన్నుకు సంబంధించింది కాకపోయినా ఒక మాట చెప్పాలి. మీ కారు బీమాలో సొంత అవసరాలు, ఒకే పనిచోటుకు రాకపోకలు మాత్రమే రాసి ఉంటే ఒక క్లయింటు ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లడం దాని కిందకు రాదు. బిజినెస్ యూజ్ (పని కోసం వాడకం) చేర్చమని బీమా కంపెనీకి ఫోను చేయండి. నాకు తెలిసిన ఒకామె చిన్న ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర ఈ సంగతి తెలుసుకుని చాలా ఇబ్బంది పడింది.

ఇంకొకటి ఆ ఆఫీసు పని గురించి. నివాస గృహాలు కాని భవనాలను శుభ్రం చేసేవారిని నేషనల్ ఇన్సూరెన్స్ విషయంలో సాధారణంగా ఉద్యోగులుగానే లెక్కించాలని 1978 నాటి నిబంధనలున్నాయి. వ్యక్తిగత ఇళ్ల పనికి ఇది వర్తించదు. ఆఫీసువారు మీకు నేరుగా డబ్బు ఇస్తున్నారా, మధ్యలో ఏజెన్సీ ఉందా, జీతం చీటీ ఏమైనా ఇస్తున్నారా అన్నది రిటర్ను పంపేలోపు వారినే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

జవాబు 1 (మళ్లీ)

గుమ్మం దాటిన దగ్గర నుంచి అన్నీ లెక్కే అని నేను చెప్పింది సరికాదని ఇప్పుడు అర్థమైంది. నా రిటర్నులో కూడా వారంలో రెండు రోజులు ఒకే చోటికి వెళ్లే మైళ్లు కలిసి ఉన్నాయి. ఈ వారాంతంలో వాటిని విడదీసి సవరణ పంపుతాను.

ప్రశ్న అడిగినవారు

నేను ట్రేడింగ్ అలవెన్సు తీసుకోలేదు, ఇప్పుడే చూశాను. ఈ రాత్రి క్యాలెండరు ముందు పెట్టుకుని 2024 ఏప్రిల్ నుంచి పట్టిక మొదలుపెడతాను. బీమా కంపెనీకి సోమవారం పొద్దున్నే ఫోను చేస్తాను, ఆఫీసువారిని ఆ సాయంత్రమే అడుగుతాను.