చెరువులో దొరికిన ఆల్చిప్పలు తినొచ్చా?

గాలం_బుట్ట అడుగుతున్నారు:
నిన్న చెరువులో మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంటే కాలికి ఏదో గీరుకుంది. తీసి చూస్తే ఆల్చిప్ప. అక్కడే బురదలో చెయ్యి పెట్టి దేవితే అరగంటలో ఇరవై రెండు దొరికాయి. పైన నల్లగా ఉన్నాయి, కొన్నయితే నా అరచేతికంటే పెద్దవి. ఖాళీ చిప్ప ఒకటి తిప్పి చూస్తే లోపల ముత్యంలా మెరుస్తోంది. వీటితోపాటు బొటనవేలి గోరంత గుల్లలు కూడా ఓ గుప్పెడు వచ్చాయి. అన్నీ బకెట్లో వేసి తెచ్చాను. సముద్రపు ఆల్చిప్పలు ఇష్టంగా తింటాను. ఇవీ అలాగే వండుకోవచ్చా? ఇంట్లో ఒకరు విషమంటారు, ఒకరు ఏం కాదంటారు. తిన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

ఉప్పుకల్లు:
తిన్నానండీ. ఒక్కసారే. బతికే ఉన్నా. పాత సైకిలు ట్యూబును ముక్కలు కోసి బురదనీళ్లలో ఉడకబెట్టినట్టు ఉంది. ముప్పావుగంట ఉడికించాక ఇంకా గట్టిపడింది. చేపలకు ఎరగా మాత్రం బ్రహ్మాండం.

పాతనావ:
నదుల్లో, చెరువుల్లో దిగి వీటిని లెక్కపెట్టడమే ఎనిమిదేళ్లు నా ఉద్యోగం. వండుకుని తిన్నాను కూడా, అది మొదటి ఏడాది తెలివి.

విషమన్న మాట తప్పు. వీటి ఒంట్లో దానంతటదే విషం పుట్టదు. కెంటకీలో గ్రీన్ నది ఒడ్డున వేల ఏళ్ల కిందటి మనుషులు తిని పారేసిన చిప్పల దిబ్బలున్నాయి. అయితే అదే అమెరికాలో 1890ల్లో మిసిసిపీ ఒడ్డు మస్కటీన్ ఊళ్లో ఈ చిప్పలతో చొక్కా గుండీలు చేయడం మొదలుపెట్టారు. టన్నులకొద్దీ తెచ్చి, ఉడకబెట్టి, చిప్ప ఉంచుకుని కండ పందులకు వేసేవాళ్లు. నోటికి బాగుంటే అంత మాంసం పందుల పాలయ్యేదా?

రుచి లేకపోవడానికి కారణం ఉంది. సముద్రపు ఉప్పు ఒంట్లో నీళ్లు లాగేయకుండా అక్కడి ఆల్చిప్పలు కణాల నిండా గ్లైసీన్ లాంటి అమైనో ఆమ్లాలు పెట్టుకుంటాయి. మీకు నచ్చే ఆ తీపి, కమ్మదనం అదే. మంచినీటి వాటికి ఆ అవసరమే లేదు, జంతువుల్లోకెల్లా చప్పని రక్తం ఉన్నవాటిలో ఇవొకటి. ఎంత ఉప్పేసినా పైపైనే. దానికి తోడు బురద వాసన. కొన్ని రకాల నాచు, బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అది. తొలకరి పడ్డప్పుడు వచ్చే మట్టివాసనా అదే. ముక్కుకు హాయిగానే ఉంటుంది, నోట్లోకి వస్తేనే గొడవ.

మంచినీళ్లలో ఉంచితే ఇసుక కక్కేస్తాయని ఎవరైనా చెబుతారు. పేగులోది కక్కుతాయి, నిజమే. నేను నాలుగు రోజులు నీళ్లు మారుస్తూ ఉంచాను. అయినా కొరకగానే పంటికింద కరకర. మర్నాడు మిగిలిన మొప్ప ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇసుక కాదు, చిన్నచిన్న కాల్షియం ఫాస్ఫేట్ గింజలు, ఆల్చిప్ప తనకోసం దాచుకున్నవి. ఆడదైతే, పిల్లలు పెట్టే కాలంలో ఆ మొప్పల్లోనే పిల్లలు వేలల్లో ఉంటాయి, ఒక్కోదానికీ బుల్లి చిప్పతో సహా. బయటికొచ్చాక చేప మొప్పలనో రెక్కలనో పట్టుకుని కొన్నాళ్లు బతకాలి వాటికి. ఆ సంగతి తెలిశాక ఇంకోసారి వండలేదు.

అసలు భయం నీటితోనే. పెద్ద ఆల్చిప్ప రోజుకు పదుల లీటర్ల నీళ్లు వడకడుతుంది. నీళ్లలో కాడ్మియం, సీసం, పాదరసం ఉంటే ఏళ్ల తరబడి ఒంట్లో పోగేసుకుంటుంది. అందుకే కాలుష్యం చూడ్డానికి మేం నీళ్లతోపాటు వీటినీ పరీక్షకు పంపేవాళ్లం. బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి, పరాన్నజీవులూ చస్తాయి. లోహాలు పోవు. నీలి ఆకుపచ్చ నాచు వదిలే మైక్రోసిస్టిన్ అనే విషం కూడా మరిగిస్తే పోయే రకం కాదు. చెరువులోకి మురుగు కాలువ గానీ, కార్ఖానా నీళ్లు గానీ వస్తున్నాయా? ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కడుతుందా? అయితే ఇక ఆలోచించొద్దు.

గోరంత గుల్లల పెంకు పసుపుపచ్చగా, మూడు మూలలుగా, మీద వరుసగా గట్లుగా ఉంటే అవి కార్బిక్యులా కావచ్చు. ఆసియాలో చాలాచోట్ల తినేది వాటినే. కొద్ది ఏళ్లే బతుకుతాయి, త్వరగా పెరుగుతాయి. అయినా నీటి షరతు వాటికీ అదే.

గాలం_బుట్ట:
మురుగు రాదు గానీ పైన అంతా పురుగుమందు కొట్టే పొలాలే. ఇంకో విచిత్రం, బకెట్లో పోసిన బురదనీళ్లు పొద్దున్నకి అడుగు కనబడేంత తేటపడ్డాయి! ఒకటి మాత్రం నోరు తెరిచి ఉంది.

పాతనావ:
ఆ బురదలో సగమైనా ఇప్పుడు వాటి కడుపులో ఉంది. మీరు వండబోయేది అదే. నోరు తెరిచినదాన్ని వేలితో తట్టండి. మూసుకోకపోతే చచ్చినట్టే, ముక్కు దగ్గర పెడితే మీకే తెలుస్తుంది.

పెద్దదాని చిప్ప మీద గీతలు చూశారా? ఒక్కో ముదురు గీత దాదాపు ఒక్కో ఏడాది. అరచేతికంటే పెద్దదంటే ఇరవై ముప్పై ఏళ్లవీ ఉంటాయి. యూరప్‌లో ముత్యపు ఆల్చిప్ప ఒకటుంది, వందేళ్లు దాటి బతుకుతుంది. ఉత్తర అమెరికాలో 300 దాకా జాతులుంటే ఎక్కువ శాతం తగ్గిపోతున్నవే, చాలాచోట్ల వీటిని తీయడం నేరం. ఏరేముందు మీ దగ్గర నిబంధన ఏమిటో కూడా కనుక్కోండి.

నా మాటయితే, తీసినచోటే వదిలేయండి. పక్కకు పడుకోబెట్టినా పర్లేదు, అవే లేచి బురదలో దిగబడతాయి. వేరే చెరువులో మాత్రం వేయకండి, కార్బిక్యులాను అసలే వేయకండి. కొత్త నీళ్లలో పడితే ఆపడం ఎవరి వల్లా కాదు.

గాలం_బుట్ట:
సాయంత్రం పోయి ఇరవై ఒకటీ వదిలేసి వచ్చాను. చచ్చినది నిజంగానే కంపు కొట్టింది. ఒకదాని దగ్గర కూర్చుని చూశాను. పావుగంట రాయిలా కదల్లేదు, తర్వాత చిప్ప సందులోంచి తెల్లటి నాలుకలాంటిది బయటపెట్టి బురదలోకి గుచ్చింది. రెండుసార్లు ఊగి నిక్కింది. గుల్లలు కూడా అక్కడే పోసేశాను.

ఉప్పుకల్లు:
ఒక్కటైనా నాకు ఎరకి ఉంచాల్సింది.