మన డేటా మన చేతికి రావాలంటే ఓపెన్ స్టాండర్డ్స్‌ను (ఎవరైనా వాడుకోగలిగే ఉమ్మడి నియమాలను) చట్టంతో తప్పనిసరి చేయాలా?

రాతగాడు:
చేయాల్సిందే. ఈమెయిల్ చూడండి. 1982లో మెయిల్ పంపడానికి ఎస్‌ఎంటీపీ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది, ఏ కంపెనీ మెయిల్ వాడేవాళ్ళైనా ఇంకే కంపెనీ వాళ్ళకైనా రాసుకుంటున్నారు. ఛాటింగ్‌కి ఆ అదృష్టం పట్టలేదు. గూగుల్ టాక్ ఒకప్పుడు ఎక్స్‌ఎంపీపీ అనే ఓపెన్ ప్రోటోకాల్ (అందరికీ తెరిచి ఉన్న సందేశ పద్ధతి) మీద నడిచేది, బయటి సర్వర్ల వాళ్ళతోనూ మాట్లాడేది. 2013లో దాని బదులు హ్యాంగవుట్స్ తెచ్చి ఆ దారి మూయడం మొదలుపెట్టారు. కంపెనీ ఇష్టానికి వదిలేస్తే ఇంతే.

చుక్కాని:
మన డేటా దించుకోవడానికి డౌన్‌లోడ్ బటన్ ఉంది కదండీ. యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. మీరిచ్చిన డేటాను మెషిన్ చదవగలిగే ఫార్మాట్‌లో మీకు తిరిగి ఇవ్వాలని 20వ ఆర్టికల్ చెబుతోంది. ఇంకేం కావాలి?

రాతగాడు:
ఆ బటన్ నేనూ నొక్కాను. ఏళ్ళ తరబడి రాసుకున్న ఒక సర్వీసు మూతపడుతూ నా చేతిలో జిప్ ఫైల్ పెట్టింది. విప్పితే ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో, పేర్ల బదులు పొడుగాటి నంబర్లు. వాటికి నేను రాసిన మాటలు వేరే జేసన్ ఫైల్‌లో (ప్రోగ్రాములు చదివే రకం). ఏ మాట ఏ ఫోటోదో నేనే వెతుక్కోవాలి. మిత్రుల వ్యాఖ్యలు అసలు లేవు. ఇంకో సర్వీసులో ఎక్కిద్దామంటే ఏదీ ఆ ఫైల్ తీసుకోలేదు.

పక్షి:
కొందరు ఆ జిప్ కూడా ఇవ్వరు.

చుక్కాని:
అంటే ఇచ్చారు. నేనడిగింది అదే.

తంత్రి:
జిప్ సంగతి పక్కన పెట్టండి. అందరూ ఒప్పుకుంటే తప్ప కదలని స్టాండర్డ్ నత్తనడక నడుస్తుంది. ఈమెయిల్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఎవరూ చదవలేని రక్షణ) ఇప్పటికీ మామూలు జనానికి చేరలేదు. వాట్సాప్ 2016లో వంద కోట్ల మందికి పైగా ఒకేసారి ఇచ్చేసింది. ఒక్కచోట పగ్గాలుంటేనే అది సాధ్యం.

రాతగాడు:
ఆ ఎన్‌క్రిప్షన్‌కి వాట్సాప్ వాడింది సిగ్నల్ ప్రోటోకాల్. అది ఎవరైనా చదివి పరీక్షించుకోగలిగేలా ప్రచురించిందే. యూరప్ డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ కూడా పెద్ద మెసేజింగ్ సర్వీసులు బయటివాళ్ళు అడిగితే కలుపుకోవాలంటూనే, ఎన్‌క్రిప్షన్ తగ్గకూడదంటోంది.

చుక్కాని:
మీకు జిప్ వచ్చిందా, రాలేదా?

నిశాంత:
ఇందాకటి నుంచి "నా డేటా" అంటున్నారు. మీ పోస్టు కింద నేను రాసిన వ్యాఖ్య ఎవరిది? ఒకప్పుడు నమ్మకమైన చిన్న గ్రూపులో నా ఆరోగ్యం గురించి చెప్పుకున్నాను. ఒకావిడ ఆ సంభాషణంతా ఎక్స్‌పోర్ట్ చేసి నాకు తెలియని ఇంకో గ్రూపులో పెట్టింది. ఆవిడ దృష్టిలో అది ఆవిడ డేటానే! మీరడిగే చట్టం ఆ పనిని ఒక్క క్లిక్‌లో చేయిస్తుంది.

రాతగాడు:
ఎవరో చేసిన ద్రోహానికి స్టాండర్డ్‌ను తిడితే ఎలాగండీ? స్క్రీన్‌షాట్ తీసినా అంతే కదా.

నిశాంత:
నా బాధ మీకు "ఎవరో చేసింది" అయింది. మీ వ్యాఖ్యలు పోతే మాత్రం చట్టం కావాలి.

రాతగాడు:
కావాలి. ఆ వ్యాఖ్యల్లో నా స్నేహితుడివి ఉన్నాయి. ఇప్పుడు వాడు లేడు. నా ప్రతి కథ కిందా వాక్యం వాక్యం పట్టుకుని పోట్లాడేవాడు. అవి లేకపోతే ఆ జిప్ నాకెందుకు? ఎవరిని అడిగి తెచ్చుకోను?

తంత్రి:
అసలు గొడవ ఇదన్నమాట. ఫార్మాట్ ఒక్కటే దీన్ని తేల్చదు. సోషల్ మీడియా సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రామాణికం చేసింది. అయినా దాని మీద నడిచే మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో సర్వర్ మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. చుక్కాని గారు చెప్పిన 20వ ఆర్టికల్‌లోనే, ఈ హక్కు ఇతరుల హక్కులకు భంగం కలిగించకూడదని కూడా ఉంది.

చుక్కాని:
ఆ క్లాజు వల్లే మీ మిత్రుడి వ్యాఖ్యలు ఇవ్వలేదేమో. కంపెనీని తప్పుపట్టలేం.

నిశాంత:
అయితే స్టాండర్డ్‌లోనే పెట్టండి. వ్యాఖ్య రాసేటప్పుడే "పోస్టు యజమాని తీసుకెళ్ళవచ్చా" అని అడగాలి. ఒప్పుకుంటే వెళ్తుంది. లేకపోతే పేరు, మాట రెండూ తీసేసి ఖాళీ జాగా మాత్రం వెళ్ళాలి.

రాతగాడు:
కొత్తవాటికి సరే. పాతవాటికి అడిగే మనిషే లేడు. అవన్నీ కంపెనీ సర్వర్‌లో ఉండిపోతాయి. వాడి మాటల మీద నాకు లేని హక్కు కంపెనీకి ఎక్కడిది? దీనికి మాత్రం ఒప్పుకోను.

నిశాంత:
కంపెనీకి లేదనే నేనూ అంటున్నాను. మూసే ముందు ఆయన కుటుంబాన్ని అడగమనండి. వాళ్ళు సరేనంటే మీకు ఇవ్వాలి, వద్దంటే చెరిపేయాలి. నేను బతికే ఉన్నాను కాబట్టి నా మాటలకు మాత్రం నన్నే అడగాలి.