చర్చ: జయప్రకాష్ రెడ్డి గారి సభలో సినిమా సీన్లా, నాటకమా?

గుంటూరు గోంగూర: సెప్టెంబర్ 8న నటుడు జయప్రకాష్ రెడ్డి గారి వర్ధంతి. 2020లో ఇక్కడే, గుంటూరులో ఇంట్లోనే పోయారు కదా. మా వీధి వాళ్లం చిన్న సభ పెడుతున్నాం. సగం మంది పిల్లలతో 'సమరసింహారెడ్డి', 'ప్రేమించుకుందాం రా' సీన్లు వేయిద్దామంటున్నారు. మిగతా సగం ఆయన నాటకాల మనిషి, ఏకపాత్రాభినయం పెడదామంటున్నారు. మీరేమంటారు? బ్యానర్ మీద 'మన గుంటూరు ముద్దుబిడ్డ' అని వేయిస్తున్నాం.

కందనవోలు: ముద్దుబిడ్డ గుంటూరుకి ఎప్పుడయ్యాడు? పుట్టింది శిరివెళ్ల, కర్నూలు జిల్లా. ఇప్పుడు నంద్యాల జిల్లా అనుకోండి. బ్యానర్ మార్చండి.

ప్రాంప్టర్ మూర్తి: పుట్టిన ఊరు సర్టిఫికెట్‌లో ఉంటుంది నాయనా. ఆయన లెక్కల మాస్టారుగా పాఠం చెప్పింది గుంటూరులో, చివరిదాకా ఇల్లు పెట్టుకుంది గుంటూరులో.

ఇక అసలు ప్రశ్న. సినిమా సీన్లు వద్దు. ఆ మనిషిని సినిమాకి ఇచ్చింది నాటకమే. నల్గొండలో 'గప్‌చుప్' ఆడుతుంటే దాసరి నారాయణరావు గారు చూసి రామానాయుడు గారికి చెప్పారు, 1988లో 'బ్రహ్మపుత్రుడు' అలా వచ్చింది. తర్వాత ఏమైంది? వేషాలు వచ్చాయి కానీ సంసారం గడవలేదు. మళ్లీ గుంటూరొచ్చి సుద్దముక్క పట్టుకున్నారు. 1997 దాకా సినిమాకి ఆయన విలువ తెలియలేదు. తెలిశాక ఏం చేసింది? తెల్ల చొక్కా, మీసం, అరుపు. అంతే.

పేరొచ్చాక కూడా ఆయన నాటకం మానలేదు. 'అలెగ్జాండర్' నేను చూశాను. గంటన్నర పైచిలుకు స్టేజీ మీద ఒక్కడే. మధ్యలో ఒకచోట మాట ఆపి ఊరికే నిలబడ్డాడు. పక్కన పల్లీలు నములుతున్నాయన నమలడం ఆపేశాడు. సినిమాలో ఆ నిశ్శబ్దం ఎవరిచ్చారు ఆయనకి?

కృష్ణలంక కిరణ్: మూర్తి గారూ, ఆ నిశ్శబ్దం చూసింది ఎంతమంది? రెండొందలా? 'సమరసింహారెడ్డి'లో వీరరాఘవరెడ్డిని చూసింది రాష్ట్రమంతా. సభకి జనం రావాలంటే సీన్లే పెట్టండి.

ప్రాంప్టర్ మూర్తి: జనం, జనం. ముప్పై ఏళ్లు నాటక పరిషత్తుల పోటీలకు తిరిగాం. బస్ ఛార్జీ మాదే, మేకప్ సామాను మాదే. ఒక ఊళ్లో నాటకం మధ్యలో లైట్లు ఆపేసి మమ్మల్ని దింపేశారు, తర్వాత రికార్డింగ్ డ్యాన్స్ ఉందని. నేనప్పుడు చచ్చిపోయే సీనులో పడుకుని ఉన్నాను. లేచి నడుచుకుంటూ వచ్చేశాను. అదీ మీ జనం.

సావిత్రమ్మగారి మనవడు: 😂 క్షమించండి మూర్తి గారూ.

కందనవోలు: బ్యానర్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

తెనాలి తమ్ముడు: శిరివెళ్ల అనే వేయండి, ఒక గొడవ వదులుతుంది.

ప్రాంప్టర్ మూర్తి: ఎందుకు వేయాలి? కర్నూలు నాటకం నేర్పిందా ఆయనకి?

కృష్ణలంక కిరణ్: యాస నేర్పింది కదండీ. అంతకు ముందు మన సినిమాల్లో సీమ విలన్ అంటే పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. ఈయన వచ్చాకే ఆ మాటకి ప్రాణం వచ్చింది. తర్వాత 'ఢీ', 'రెడీ', 'కిక్'లో కామెడీ పండిందన్నా ఆ గొంతు వల్లే. పిల్లల చేత అదే చెప్పిస్తే హాలు దద్దరిల్లిపోతుంది. మా అన్న కొడుకు తొడగొట్టి చెప్తాడు, మామూలుగా ఉండదు.

కందనవోలు: అదే వద్దంటున్నా.

కృష్ణలంక కిరణ్: మీ ఊరి పేరు వేయమని ఇందాకట్నించి కొట్లాడుతున్నది మీరేగా? ఇప్పుడు మీ యాసే వద్దంటారేంటి? ఏదో ఒకటి తేల్చుకోండి.

కందనవోలు: సరే, తేలుస్తా. 2001లో ఇంటర్‌కి గుంటూరు వచ్చినా. హాస్టల్లో మొదటి రోజు పేరు అడగలేదు, ఊరడిగినారు. చెప్పినా. సాయంత్రానికి నా పేరు 'సుమో' అయింది, ఫ్యాక్షన్ సినిమాల్లో బాంబులకి గాల్లోకి లేచే బండి. రెండేళ్లూ అదే పేరు. నేను నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఒకడు తొడగొట్టేవాడు. మా నాయన శనగ పంట వేసే రైతు, జీవితంలో కట్టె కూడా ఎత్తలేదు ఎవరిమీదా.

పెళ్లయినాక విజయవాడలో ఇల్లు చూడబోతిమి. ఓనరమ్మ మంచిగా మాట్లాడింది, మజ్జిగ ఇచ్చింది. 'ఏ ఊరు బాబూ' అంది. నంద్యాల పక్కన అన్నా. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. బయటికి వచ్చి 'మా చుట్టాలెవరో వస్తామన్నారు' అంది. వారం దినాలకి ఆ గేటుకి టు-లెట్ బోర్డు అట్లనే ఉండాది.

ఆ యాస బతికిందంటున్నారే, అది మా అవ్వ నన్ను బువ్వకి పిలిచే యాస. మీకు అది వింటే బాంబు గుర్తొస్తాది. మీ అన్న కొడుకు తొడగొడితే మీకు ఈల, నాకు హాస్టల్.

కృష్ణలంక కిరణ్: దానికి జయప్రకాష్ రెడ్డి గారు ఏం చేస్తారు? ఆయనేమైనా కథలు రాశారా?

కందనవోలు: నేనూ అదే అంటాండా. ఆయన నటించినాడు, పుట్టి పెరిగిన మాట కాబట్టి నిజంలా ఉండాది. 'సమరసింహారెడ్డి' కథ విజయేంద్ర ప్రసాద్ గారిది, మాటలు పరుచూరి సోదరులవి. ఆయనది కొవ్వూరు, వీళ్లది కృష్ణా జిల్లా. మా ఊరివాళ్లు కారు. ఆ తర్వాత 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర', ఏడాదికి ఒకటి రెండు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన గొంతులో మా ఊరి మనిషి ఒక్కడైనా మామూలు రైతుగానో, బడిపంతులుగానో మాట్లాడి ఉంటే ఎంత బాగుండునో అని.

ప్రాంప్టర్ మూర్తి: నేను మొదట్నించీ చెప్తున్నది ఏంది మరి? అరుపు తప్ప ఇంకేం అడగలేదు ఆయన్ని.

కందనవోలు: మీరు చెప్పింది నాటకం గొప్పదని. నేను చెప్పేది వేరే.

ప్రాంప్టర్ మూర్తి: రెండూ ఒకటే.

కందనవోలు: కాదు సార్.

బ్రాడీపేట బాబాయ్: ఫ్యాక్షన్ అసలు లేనే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. పేపర్లు మేమూ చదివాం.

కందనవోలు: లేదని ఎవరన్నారు? ఉన్నది మాకు. సినిమా మీకు.

తెనాలి తమ్ముడు: ఇద్దరూ శాంతించండి. గోంగూర గారూ, ఇంతకీ పిల్లలకి ఆ యాస నేర్పుతున్నది ఎవరు?

గుంటూరు గోంగూర: ఎవరూ లేరండి. ఫోన్లో క్లిప్పులు చూసి పట్టేస్తున్నారు.

కందనవోలు: ఆ మాత్రం అనుకున్నా.

గుంటూరు గోంగూర: మీరు ఇప్పుడు ఉంటున్నది విజయవాడేగా? ఆదివారం సాయంత్రం ఆరింటికి రిహార్సల్, అరండల్‌పేటలో మా మేడ మీద. తొడగొట్టే సీను తీసేస్తాలెండి. ఏదైనా మాస్టారు పాత్ర, రైతు పాత్ర మీ మాటల్లో రాసిస్తే ఒక పిల్లాడు రెడీగా ఉన్నాడు.

కృష్ణలంక కిరణ్: మా అన్న కొడుక్కి ఏం చెప్పమంటారు? డ్రెస్ కూడా కుట్టించారు.

ప్రాంప్టర్ మూర్తి: అదే చొక్కాతో రైతు వేయించు. ఆదివారం నేనూ వస్తా. మైకు లేకుండా వెనక వరుస దాకా వినపడాలి, అది నేర్పుతా.

కందనవోలు: రాసి తెస్తా. బ్యానర్ మీద శిరివెళ్ల ఉండాల.

ప్రాంప్టర్ మూర్తి: గుంటూరు తీయకూడదు.

గుంటూరు గోంగూర: ఫ్లెక్సీ వాడు అక్షరానికి కాదు, అడుగుకి డబ్బులు తీసుకుంటాడు. రెండూ వేయిస్తా. ఏది ముందో మాత్రం నన్నడక్కండి.