పనస చెక్కతో ఎలక్ట్రిక్ గిటార్ చేయిస్తే నిలుస్తుందా?

లంకగిటార్: అమలాపురం దగ్గర ఆర్కెస్ట్రాలో లీడ్ వాయిస్తాను. బొబ్బిలి, నూజివీడు వీణలు పనసతోనే కదా చేస్తారు. మా ఇంట్లో పదేళ్ళుగా అటక మీద ఆరిన పనస దూలం ముక్క ఉంది. మెడతో సహా మన ఊళ్ళలోనే చేయిద్దామని ఉంది. రాత్రి 4, 5 గంటలు నిలబడి వాయించాలి. చేయించనా, కంపెనీది కొననా?

సింగిల్‌కాయిల్: చెక్క గోల వదిలెయ్యండి. వీణకి కుండ బోలుగా ఉంటుంది, అది మోగాలి. ఇక్కడ ఉక్కు తీగ అయస్కాంతం ముందు కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది, అంతే. ఆ అయస్కాంతం, చుట్ట కలిపితే పికప్పు. రెండు చుట్టల పికప్పులు, అదే హంబకర్లు, పెట్టించండి. (నా పేరు చూసి నవ్వకండి.) తీర్థాల్లో జనరేటరు, సీరియల్ లైట్ల పక్కన ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్పు గుయ్యిమంటుంది. హంబకర్‌లో రెండు చుట్టల రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 1955లో గిబ్సన్ గిటార్ల కంపెనీలో సేథ్ లవర్ దాన్ని చేసింది ఇందుకే.

చేవ: తీగ దేనికి కట్టారు, గాలికా? టేకుకీ బూరుగుకీ ఒకే మోతా?

సింగిల్‌కాయిల్: ఒకే మోత అనలేదు. డీజే పక్కన ఆ తేడా ఎవరికి వినిపిస్తుందన్నాను.

చేవ: ఆ మాట ఎక్కడన్నారు? పైన రెండుసార్లు వెతికాను.

కీబోర్డుబాబాయ్: బరువు చూసుకో అబ్బాయ్. 4 కిలోలు దాటితే తెల్లారేసరికి భుజం నీది కాదు.

తెగినతీగ: చేయించొద్దు. నేను చేయించాను, ఊరు చెప్పను. అడ్వాన్సు 15 వేలు. మూడు నెలలన్నవాడు పదకొండు నెలలు తిప్పాడు. తొలకరి పడేసరికి మెడ మెలి తిరిగింది. ఆ ఏడు పెళ్ళిళ్ళన్నీ అద్దె గిటార్‌తోనే.

చేవ: మెడ లోపలి ఇనప కడ్డీ, అదే ట్రస్ రాడ్, తిప్పి చూడాల్సింది.

తెగినతీగ: ట్రస్ రాడ్ వంపు తీస్తుంది, మెలిక తీయదు. తెలియకపోతే ఊరుకోండి.

చేవ: తెలుసు. నేను వడ్రంగినే. మీరు ఎంతకి బేరమాడారు?

తెగినతీగ: దానికీ దీనికీ ఏంటి సంబంధం?

చేవ: ఉంది. నా దగ్గరికీ ఒకాయన వచ్చాడు. పికప్పులకి 18 వేలు మారు మాట్లాడకుండా పోశాడు. నా కూలి దగ్గరకొచ్చేసరికి 'గుమ్మం చేసినట్టే కదా' అన్నాడు. గుమ్మానికి కాస్త తేడా వస్తే చిత్రిక పడతాం. 25.5 అంగుళాల స్కేలుకి (తీగ మోగే పొడవు) 21, 22 ఫ్రెట్ల (మెడ మీది మెట్ల) మధ్య 11 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తప్పితే శ్రుతి పోయినట్టే. ఆరిన చెక్కకి డబ్బివ్వరు, ఆరేదాకా ఆగరు, మెలి తిరిగితే మాత్రం మేం దొంగలం.

తెగినతీగ: గిట్టకపోతే చేయనని చెప్పాలి. నా కోపం చెక్క మీద కాదు, బేరం మీదా కాదు. గిటార్ పాడయ్యాక ఆయన ఫోనెత్తలేదు. షాపులో కొంటే వెళ్ళి అడగడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉంటాడు.

సింగిల్‌కాయిల్: అందుకే మొదట్నుంచీ చెప్తున్నా, పికప్పులు...

చేవ: మీరాగండి సార్. తెగినతీగ గారూ, ఫోనెత్తకపోవడం తప్పే. దానికి నేను అడ్డు చెప్పను.

లంకగిటార్: ఆయ్, చేవ గారూ, మెడ కంపెనీది కొంటాను. బాడీ మీరు చేస్తే కూలి ఎంతండీ? బేరమాడను. అంతర్వేది తీర్థంలో ప్రోగ్రాం ఉంది గానీ దానికి పాతదే వాయిస్తా, తొందర లేదు.

చేవ: ముందు ఆ దూలానికి పురుగు పట్టిందేమో చూడండి. పగుళ్ళు పోగా 1.75 అంగుళాల మందం రావాలి. తూకం వేసి ఫోటో పెట్టండి, కూలి అప్పుడు చెప్తాను.